ప్రయాణంలో ట్యూన్ కట్టడానికి ఏ మిడి కీబోర్డు కొనాలి?

సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్లే వందేభారత్‌లో ముందు సీటుకున్న ట్రే దించి ల్యాప్‌టాప్ పెడితే ట్రే నిండిపోతుంది. చాయ్ కప్పు పెట్టుకోవడానికి కూడా చోటు వెతుక్కోవాలి. నాకు అక్కడే కూర్చుని ట్యూన్ కట్టాల్సిన అవసరం ఉంది. కృష్ణానగర్‌లో ఉంటూ షార్ట్ ఫిల్ములకు, యాడ్స్‌కు, ఎప్పుడైనా ఒక చిన్న సినిమాకు కీబోర్డు ప్రోగ్రామింగ్ చేస్తాను. అమ్మానాన్నలు విశాఖలో ఉంటారు, నెలకోసారైనా వెళ్లిరావాలి. ఒక్కో వైపు ఎనిమిదిన్నర గంటలు. సోమవారం ట్యూన్ ఇవ్వాల్సి ఉంటే ఆ గంటలు వదులుకోలేను. అలా ఈ కొన్నేళ్లలో చిన్న కీబోర్డులు కొన్ని కొన్నాను, కొన్ని అమ్మేశాను, కొన్ని స్నేహితుల దగ్గర అడిగి తీసుకుని వాయించాను.

మొన్న మా గల్లీలో ఉండే ఒక కుర్రాడు ఫోన్‌లో అయిదారు మోడళ్ల ఫొటోలు చూపించాడు. ఈమధ్యే బీట్లు చేయడం మొదలుపెట్టాడు. "అన్నా, వీటిల ఏది తీసుకోమంటవ్? దీనికి నాబ్స్ ఎక్కువున్నయ్" అన్నాడు. "నాబ్స్ తర్వాత చూద్దాం తమ్మీ. ముందు ఒక్కో ఫొటోలో ఎడమ పక్కన ఏముందో చూపించు" అన్నాను. అలా ఎందుకన్నానో చెబుతాను.

ముందుగా ఒక చిన్న విషయం. మిడి కీబోర్డులో సొంత సౌండ్ ఉండదు. ఏ కీ నొక్కాం, ఎంత గట్టిగా నొక్కాం, ఎప్పుడు వదిలాం అనే కబురు మాత్రమే అది కంప్యూటర్‌కో ఫోన్‌కో పంపుతుంది. సౌండ్ వచ్చేది అక్కడి సాఫ్ట్‌వేర్ నుంచి. 1983 నుంచి అన్ని కంపెనీలూ ఇదే పద్ధతి పాటిస్తున్నాయి కాబట్టి ఏ కంపెనీ కీబోర్డయినా ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా పనిచేస్తుంది. ఖరీదైన కీబోర్డు కొన్నంత మాత్రాన వీణ సౌండ్ మెరుగవదు. మనం డబ్బు పెట్టేది చేతికి తగిలే వాటి మీదే.

25 కీస్ సరిపోతాయా?

బ్యాగులో పట్టేవి దాదాపు అన్నీ 25 కీస్‌వే, అంటే సరిగ్గా రెండు స్థాయిలు. పియానో నేర్చుకున్నవాళ్లకు ఇది చాలా ఇరుకు. రెండు చేతులా వాయించడం కుదరదు. ముందు ఎడమచేతి భాగం రికార్డు చేసుకుని, తర్వాత దాని మీద కుడిచేతిది వాయించుకోవాలి. కానీ మన గాత్ర ట్యూన్‌లకు 25 కీస్ ఎంత చక్కగా సరిపోతాయో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కర్ణాటక సంగీతంలో గొంతు సాధారణంగా మంద్ర పంచమం (కింది స్థాయి ప) నుంచి తార పంచమం (పై స్థాయి ప) దాకా తిరుగుతుంది. అది కూడా రెండు స్థాయిలే. అయినా మనందరికీ ఇరుకు అనిపించేది ఎందుకంటే, అలవాటుగా సి కీ మీద షడ్జమం (స) పెట్టుకుంటాం. అప్పుడు మంద్రంలోకి దిగాలన్నా, తారంలో పైకి వెళ్లాలన్నా, కీస్ అన్నిటినీ ఒక స్థాయి పైకో కిందికో జరిపే ఆక్టేవ్ బటన్ వెతుక్కోవాలి. షడ్జమాన్ని ఎఫ్ కీ మీద పెట్టి చూడండి, అంటే నాలుగు శ్రుతి. ఎడమ చివరి కీ మంద్ర పంచమం, కుడి చివరి కీ తార పంచమం అవుతాయి. ఒక్క కీ ఎక్కువ లేదు, ఒక్క కీ తక్కువ లేదు. గాయకుడిది ఒకటి శ్రుతి అయితే సాఫ్ట్‌వేర్‌లో ట్రాన్స్‌పోజ్ మైనస్ 5 పెట్టుకుంటే చాలు, ప్రతి స్వరం అయిదు కీస్ కిందికి పలుకుతుంది, వేళ్లు ఎఫ్ దగ్గరే ఉంటాయి. ఎఫ్ నుంచి మాయామాళవగౌళ సరళీ వరుసలు వాయించుకుంటే వారం పది రోజుల్లో చెయ్యి అలవాటు పడుతుంది. ఇది తెలిశాక 32, 37 కీస్ వాటి వైపు నేను మళ్లీ చూడలేదు.

ఎడమచేతి వైపు ఏముంది?

మన సంగీతంలో స్వరం నిలబడి ఉండదు, ఊగుతుంది, జారుతుంది. కీబోర్డు మీద ఆ పని చేసేది పిచ్ బెండ్. మిడిలో చాలా కబుర్లకు 0 నుంచి 127 వరకే విలువలుంటే పిచ్ బెండ్‌కు మాత్రం 16,384 మెట్లున్నాయి. అంత సన్నగా కదిలే దాన్ని చిన్న కీబోర్డుల మీద మూడు రకాలుగా పెడతారు. జాయ్‌స్టిక్, టచ్ స్ట్రిప్, బటన్లు.

ఒకసారి తోడి ఛాయలో ఇరవై సెకన్ల బిట్ అడిగారు. రాజమండ్రి వచ్చేసరికి బయట చీకటి పడిపోయింది, గోదావరి బ్రిడ్జి మీద రైలు చప్పుడు ఇయర్‌ఫోన్స్‌లోంచి కూడా వినిపిస్తోంది. అప్పుడు నా దగ్గరున్నది కోర్గ్ నానోకీ 2. తోడిలో సాధారణ గాంధారం ఒక చోట ఆగదు, కింద శుద్ధ రిషభం, పైన శుద్ధ మధ్యమం అంచులను తాకుతూ ఊగుతుంది. గాంధారానికి అటు రెండు, ఇటు రెండు అర్ధస్వరాలు. చాలా సాఫ్ట్‌వేర్లలో పిచ్ బెండ్ మొదటి నుంచి సెట్ అయి ఉండేది కూడా అంతే, పైకి 2, కిందికి 2. లెక్క సరిగ్గా కుదిరింది. కానీ నానోకీలో బెండ్‌కు ఉన్నవి బటన్లు. నొక్కితే స్వరం ఒకే వేగంతో పైకి వెళ్తుంది, వదిలితే ఒకే వేగంతో తిరిగొస్తుంది. ఆ వేగాన్ని ఎడిటర్‌లో (కీబోర్డు సెట్టింగ్స్ మార్చే సాఫ్ట్‌వేర్‌లో) మార్చుకోవచ్చు గానీ వాయిస్తూ వాయిస్తూ మార్చలేం. గమకంలో ప్రాణమంతా ఆ వేగం మారడంలోనే ఉంది కదా. సామర్లకోట దాకా కుస్తీ పట్టి, చివరికి గమకాన్ని మౌస్‌తో గీతలు గీసి పూర్తి చేశాను. విన్నవాళ్లు బాగుందన్నారు. నాకు మాత్రం అది ఇప్పటికీ గీసిన గమకంలాగే వినిపిస్తుంది.

ఆకాయ్ ఎంపీకే మినీ ఎంకే3లో ఎడమ పక్కన బొటనవేలితో తిప్పే చిన్న జాయ్‌స్టిక్ ఉంటుంది. పక్కలకు కదిపితే పిచ్, పైకి కిందికి కదిపితే మాడ్యులేషన్, అంటే ఎక్కువగా స్వరానికి వణుకు. వదిలితే స్ప్రింగ్ దాన్ని మధ్యకు తెస్తుంది. కంపితానికి, అంటే స్వరాన్ని ఊపే గమకానికి, నాకు ఇదే బాగా నచ్చింది. వీణ మీద తీగను లాగి వదిలినట్టు చేతికి ఒక ఎదురు తగులుతుంది, ఆ ఎదురు వల్ల ఊపు సహజంగా వస్తుంది. ఒక ఇబ్బంది ఉంది. వేలు కాస్త వాలుగా పోతే మాడ్యులేషన్ కూడా కలిసిపోయి స్వరం వణుకుతుంది. ఎడిటర్‌లో ఆ నిలువు కదలికకు మీరు వాడని సీసీ నంబరు (మిడిలో ఒక్కో కంట్రోల్‌కు ఉండే నంబరు) ఏదైనా ఇచ్చేస్తే ఆ బాధ పోతుంది. జాయ్‌స్టిక్ పైకి పొడుచుకుని ఉంటుంది కాబట్టి బ్యాగులో బరువు కింద పెట్టకూడదు. నేను తువ్వాలు చుట్టి బట్టల మధ్య పెడతాను.

ఆర్టూరియా మినీల్యాబ్ 3లో, నోవేషన్ లాంచ్‌కీ మినీ ఎంకే3లో టచ్ స్ట్రిప్స్ ఉంటాయి. వేలు పెట్టి పైకో కిందికో జరపాలి. వేలు ఆనిన చోటికే స్వరం వెంటనే దూకుతుంది కాబట్టి సరిగ్గా మధ్యలో ఆనించడం సాధన చేయాలి. చీకట్లో అది కష్టం. జారులకు మాత్రం స్ట్రిప్ చాలా హాయి. పంచమం నుంచి తార షడ్జమానికి జారాలంటే బెండ్ రేంజ్ 2 చాలదు, 5 దాకా పెంచాలి, కొందరు 12 పెట్టుకుంటారు. అంత రేంజ్‌లో జాయ్‌స్టిక్ వెంట్రుకవాసి కదిలినా స్వరం ఎక్కడికో పోతుంది. స్ట్రిప్‌లో వేలికి దూరం దొరుకుతుంది. గమకం ఎక్కువ వాయించేవాళ్లకు జాయ్‌స్టిక్, జారు ఎక్కువ వాడేవాళ్లకు స్ట్రిప్ అన్నది నా అనుభవం.

ఈ రెండూ కాకుండా కీ మీదే వేలు జరిపి స్వరాన్ని వంచే పద్ధతి ఒకటుంది, ఎంపీఈ అంటారు. 2018లో ఇది మిడి ప్రమాణాల్లో చేరింది. మామూలు పిచ్ బెండ్ కదిపితే నొక్కి ఉన్న స్వరాలన్నీ కలిసి వంగుతాయి. ఎంపీఈలో ఏ వేలి కింది స్వరం ఆ వేలితోనే వంగుతుంది. రోలీ సీబోర్డ్ బ్లాక్ అలాంటిదే, మెత్తటి రబ్బరులాంటి పైభాగం, రెండు స్థాయిలు, బ్లూటూత్. గమకానికి ఇంతకంటే దగ్గరగా వచ్చిన చిన్న కీబోర్డు నేను చూడలేదు. కానీ ఎంపీఈని అర్థం చేసుకునే ప్లగిన్‌లే (కంప్యూటర్‌లో వాద్యాల సౌండ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్లే) వాడాలి, చేతి అలవాటంతా మొదటి నుంచి నేర్చుకోవాలి. మొదటి కీబోర్డుగా మాత్రం తీసుకోమని చెప్పను.

బరువు, చోటు, చప్పుడు

నానోకీ 2 గురించి పైన అలా రాశాను గానీ దాన్ని అమ్మలేదు. బరువు 244 గ్రాములు. పొడవు 32 సెంటీమీటర్లు, వెడల్పు 8 చిల్లర, మందం 16 మిల్లీమీటర్లు. ల్యాప్‌టాప్‌లో మణికట్టు ఆనించే చోట సరిగ్గా కూర్చుంటుంది, టచ్‌ప్యాడ్ మూసుకుపోతుంది కాబట్టి మౌస్ ఉండాలి. వందేభారత్ ట్రే మీద ల్యాప్‌టాప్‌తో పాటు పట్టే కీబోర్డు నాకు ఇదొక్కటే. కీస్ బల్లపరుపు బటన్లలా ఉంటాయి, టకటకమంటాయి. పక్క సీటులో నిద్రపోతున్నవాళ్లుంటే నేను దాన్ని బయటికి తీయను.

ఎంపీకే మినీ ఎంకే3 ముప్పావు కిలో. ట్రే మీద ఐప్యాడ్‌తోనో ఫోన్‌తోనో పడుతుంది, ల్యాప్‌టాప్‌తో పట్టదు. మినీల్యాబ్ 3 కిలోన్నర దాకా ఉంటుంది. ఆ బరువే ఒడిలో పెట్టుకున్నప్పుడు మేలు చేస్తుంది, కదలకుండా ఉంటుంది. సైడ్ లోయర్ బెర్తులో వీపు ఆనించి, కాళ్లు చాపి, మినీల్యాబ్ ఒడిలో పెట్టుకుంటే ఇంట్లో కూర్చున్నంత సుఖం. రైల్లో సంగీతం పనికి సైడ్ లోయర్‌ను మించిన సీటు లేదని నా నమ్మకం. దేశీయ విమానాల్లో చేతిబ్యాగు 7 కిలోలే కాబట్టి ల్యాప్‌టాప్, ఛార్జర్, హెడ్‌ఫోన్స్ తూచి చూసుకుని మినీల్యాబ్ సంగతి తేల్చుకోండి.

పియానో వేళ్లున్నవాళ్లు మినీ కీస్ మీద చిరాకు పడతారు, అది నిజమైన ఇబ్బందే. వాళ్లకు సీఎంఈ ఎక్స్‌కీ 25 చూపిస్తాను. కీ వెడల్పు మామూలు పియానోదే, మందం మాత్రం 16 మిల్లీమీటర్లు, ఒళ్లంతా అల్యూమినియం. నొక్కి ఉంచిన కీని ఇంకాస్త అదిమితే ఆ ఒక్క స్వరానికే మార్పు వస్తుంది, అది అపురూపమైన సౌకర్యం. కీ కిందికి దిగేది కొంచెమే కాబట్టి పియానో స్పర్శ మాత్రం ఆశించవద్దు.

ప్యాడ్స్, అంటే వేళ్లతో కొట్టే చదరపు రబ్బరు బటన్లు, బీట్లు చేసేవాళ్లకు. తీన్మార్ దెబ్బ పడాలంటే మినీ కీస్ మీద వేళ్లకు ఆ ఊపు రాదు, ప్యాడ్ మీద వస్తుంది. ఎంపీకే ప్యాడ్స్ మందంగా, దెబ్బకు తగ్గట్టు పలుకుతాయి గానీ ఒక్కసారికి ఎనిమిదే. లాంచ్‌కీ మినీలో పదహారు. డప్పు, తాషా, కిక్, చప్పట్లు అన్నీ ఒకేసారి ముందుండాలంటే పదహారు వేరు, ఎనిమిది వేరు. ఏబుల్టన్ లైవ్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకైతే లాంచ్‌కీ ఇంకా మేలు, ప్యాడ్స్ నేరుగా అందులోని క్లిప్స్‌ను (చిన్న చిన్న సంగీతం ముక్కలను) నడుపుతాయి. బీట్లే మీ పని, గమకంతో పెద్దగా పని లేదంటే నేను రాసిన ఎడమచేతి మాట పక్కన పెట్టి లాంచ్‌కీ తీసుకోవచ్చు.

ఊళ్లో భజనకో, స్కూలు ఫంక్షన్‌కో అక్కడికక్కడే సౌండ్ రావాలంటే మిడి కీబోర్డు దారి కాదు. కాసియో సీటీ-ఎస్300లాంటివి 61 కీస్‌తో, 3.3 కిలోలతో, పెన్ బ్యాటరీల మీద కూడా నడుస్తాయి. వేలి బరువుకు స్పందిస్తాయి, పిచ్ బెండ్ చక్రమూ ఉంది, యూఎస్‌బీ పెడితే మిడిగానూ పనిచేస్తాయి. బ్యాక్‌ప్యాక్‌లో మాత్రం పట్టవు.

కేబుళ్ల సంగతి

దీని గురించి ఎవరూ చెప్పరు, ప్రయాణంలో పని ఆగేది మాత్రం ఎక్కువగా ఇక్కడే. ఎంపీకే మినీ ఎంకే3కి వెనక ఉండేది ప్రింటర్ కేబుల్ పెట్టే చదరపు రంధ్రం. పాతకాలపుదని కొందరు తీసిపారేస్తారు. నాకది వరం. నర్సీపట్నంలో కేబుల్ పోగొట్టుకున్న రోజు పక్కనున్న జిరాక్స్ షాపులో పది నిమిషాల్లో ఇంకోటి దొరికింది. మినీల్యాబ్ 3కి టైప్-సి, అది ఇప్పుడు ప్రతి జేబులో ఉంది. నానోకీ 2కి పాత కెమెరాల్లో ఉండే మినీ యూఎస్‌బీ. అది బయట ఊళ్లలో దొరకడం కష్టం, రెండు ఉంచుకోండి. హైదరాబాద్‌లోనైతే కోఠి గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలోనో ఏ రకమైనా దొరుకుతుంది.

ఐప్యాడ్‌తో పని చేసేవాళ్లకు ఒకే రంధ్రం సమస్య. కీబోర్డు పెడితే ఛార్జర్‌కు చోటుండదు, కొత్త మోడళ్లలో హెడ్‌ఫోన్ రంధ్రం కూడా లేదు. ఛార్జింగ్, యూఎస్‌బీ, హెడ్‌ఫోన్ మూడూ ఉన్న హబ్ ఒకటి కీబోర్డుతో పాటే కొనండి, బడ్జెట్‌లో దాన్ని కూడా లెక్కేసుకోండి. ఐఫోన్ 15 నుంచి టైప్-సి ఉంది, అంతకు ముందు వాటికి కెమెరా అడాప్టర్ కావాలి. ఆండ్రాయిడ్‌లో మిడి 6.0 వెర్షన్ నుంచి ఉంది. వాయించిన కాసేపటికి సౌండ్ వచ్చే ఇబ్బంది మాత్రం ఫోన్‌ను బట్టి మారుతుంది, మీ ఫోన్‌తోనే పరీక్షించాలి.

వైర్ గోల వద్దనుకునేవాళ్లకు కోర్గ్ మైక్రోకీ ఎయిర్ ఉంది. రెండు పెన్ బ్యాటరీలు, బ్లూటూత్. ఐప్యాడ్, మ్యాక్‌లతో చక్కగా కలుస్తుంది. ఫోన్ సెట్టింగ్స్‌లోని బ్లూటూత్ మెనూలో కాకుండా గ్యారేజ్‌బ్యాండ్ లాంటి మ్యూజిక్ యాప్ లోపలికి వెళ్లి కలపాలి. అది తెలియక కీబోర్డు పాడైందనుకున్నవాళ్లను చూశాను. విండోస్‌తో బ్లూటూత్ మిడి తలనొప్పే, వైర్ వాడుకోండి.

హెడ్‌ఫోన్స్ మాత్రం ఎప్పుడూ వైర్‌వే ఉండాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో 150, 200 మిల్లీసెకన్ల ఆలస్యం మామూలు. శబ్దం సెకనుకు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి, మీ మృదంగం మీకు యాభై నుంచి డెబ్బై మీటర్ల అవతల నుంచి వినిపిస్తున్నట్టన్నమాట. అలాంటి ఇయర్‌ఫోన్స్‌తో నేను ఒక రాత్రంతా తాళం రికార్డు చేశాను. వినిపించే దాన్ని పట్టుకోవాలని చెయ్యి తనంతట తాను ముందుకు జరిగిపోయింది. తెల్లారి స్పీకర్లలో వింటే ఏ దెబ్బా తన చోట లేదు. అన్నీ చెరిపి మళ్లీ వాయించాల్సి వచ్చింది.

కరెంటు విషయానికొస్తే, వైర్‌తో కలిపే ఈ మిడి కీబోర్డులన్నీ ల్యాప్‌టాప్ లేదా ఫోన్ నుంచే తాగుతాయి. రైళ్లలో రాత్రి వేళ ఛార్జింగ్ పాయింట్లు ఆపేస్తుంటారు, పవర్ బ్యాంక్ తప్పనిసరి. విమానంలో అది చెక్-ఇన్ బ్యాగులో వేయకూడదు, చేతిబ్యాగులోనే ఉండాలి, 100 వాట్-అవర్స్ మించకూడదు. మామూలుగా దొరికే 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్-అవర్స్ కాబట్టి ఇబ్బంది లేదు.

నేనేం చెప్పాను?

మా గల్లీ కుర్రాడు బీట్లు చేస్తాడు, దాంతోపాటు వాళ్లమ్మగారి దగ్గర గాత్రం నేర్చుకుంటున్నాడు. అతనికి ఎంపీకే మినీ ఎంకే3 తీసుకోమన్నాను. ప్యాడ్స్, జాయ్‌స్టిక్ రెండూ ఉన్నాయి, బరువు తక్కువ, కేబుల్ ఎక్కడైనా దొరుకుతుంది. అదే ఇంట్లోనూ ప్రయాణంలోనూ ఒకే కీబోర్డు వాడాలి, ల్యాప్‌టాప్‌లో ప్లగిన్లు ఎక్కువ తిప్పాలి అనుకునేవాళ్లయితే మినీల్యాబ్ 3 అనేవాణ్ని. దానికి ఎనిమిది నాబ్స్‌తో పాటు నాలుగు ఫేడర్లు (జరిపే మీటలు), పాత సింథసైజర్లకు కలిపే అయిదు పిన్నుల మిడి అవుట్ కూడా ఉన్నాయి, కీస్ స్పర్శ కూడా నాకు ఎంపీకే కంటే నచ్చుతుంది. అచ్చంగా ఐడియాలు నోట్ చేసుకోవడానికే అయితే నానోకీ 2. మ్యాక్ వాడేవాళ్లు అసలు ఏదైనా కొనే ముందు గ్యారేజ్‌బ్యాండ్‌లో మ్యూజికల్ టైపింగ్ (ల్యాప్‌టాప్ అక్షరాల కీస్‌తోనే స్వరాలు వాయించడం) వాడి ఒక ప్రయాణం చేసి రండి. వేలి బరువు అందులో పలకదు, దానికి మాత్రం మీకు రూపాయి ఖర్చుండదు.

కొనే రోజు షాపులో తొందరపడకండి. మీ ఫోన్, మీ అడాప్టర్, మీ వైర్ ఇయర్‌ఫోన్స్ తీసుకెళ్లండి. కౌంటర్ మీద పెట్టి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి, కాబట్టి స్టూలు అడిగి కూర్చుని కీబోర్డు ఒడిలో పెట్టుకోండి. 25 కీస్ వరసగా మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కండి, ఏ కీ అయినా మిగతావాటి కంటే గట్టిగా అరుస్తుందేమో వినండి. తర్వాత కళ్లు మూసుకుని ఒక సాధారణ గాంధారం పట్టుకుని ఎడమ బొటనవేలితో ఊపండి. ఫ్లూట్ సౌండ్ పెట్టుకుంటే తేడా బాగా తెలుస్తుంది. ఊపు ఆపి వేలు తీశాక స్వరం గాంధారం దగ్గరికే సరిగ్గా తిరిగొచ్చిందో లేదో వినండి. రాకపోతే ఆ పీస్ పక్కన పెట్టి ఇంకో పీస్ తెరవమనండి.